తెల్లవారాక వెతకాల్సింది నువ్వే

చిరంజీవి చిన్నబ్బాయికి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చిన రాత్రి నుంచి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆలోచించి చెప్తానని పెట్టేశాను గాని, ఇది ఫోనులో తేలే మాట కాదు. అందుకే ఈ ఉత్తరం.

మీ ఆఫీసులోని పెద్దాయన పెన్సిల్వేనియా అడవికి జింకల వేటకు రమ్మంటున్నాడని చెప్పావు. తూటాలు వేసే తుపాకీ కాదని, గొట్టంలో మందు పోసి దట్టించే చెకుముకి తుపాకీ అని చెప్పావు. క్రిస్మస్ దాటాక ఆ తుపాకులకే అక్కడ విడిగా వేట రోజులు ఇస్తారని, 1974 నుంచి ఆ పద్ధతి ఉందని, లైసెన్సు లేకుండా అడుగు పెట్టనివ్వరని కూడా అన్నావు. అక్కడి చట్టం ఒప్పుకున్న పనిని నేను తప్పనను. మన వైపు దేవుడికే వేట ఉంది కదా. అహోబిలం నరసింహస్వామి కనుమ నాడు పారువేటకు బయలుదేరితే నెల దాటినా కొండకు తిరిగి రాడు, పల్లెపల్లెకూ పల్లకిలో తిరుగుతూనే ఉంటాడు. వేట అనగానే ముఖం తిప్పుకునే ఇల్లు కాదు మనది. అమ్మకు చెప్పొద్దన్నావు గాని చెప్పాను. తుపాకీ సంగతి ఆమె దగ్గర దాచడం నాకు చేతకాదు.

మా నాయన, అదే మీ జేజినాయన, తుపాకీని నువ్వు చూడలేదు. పంట కాపలా కోసం లైసెన్సు తీసుకున్న నాటు తుపాకీ అది. గొట్టం నా ఎత్తు ఉండేది. సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన మందు ఒక ఎద్దు కొమ్ములో, గుండ్లు తోలు సంచిలో ఉండేవి. సీసం కరిగించి గుండ్లు ఇంట్లోనే పోసుకునేవాడు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ తుపాకీని గోనెపట్టాలో చుట్టి బస్సులో తీసుకెళ్లి పోలీసు స్టేషనులో అప్పగించి, రసీదు తెచ్చి పంచాంగంలో పెట్టుకునేవాడు. ఫలితాలు వచ్చాక మళ్లీ వెళ్లి తెచ్చుకునేవాడు.

నీకు చెప్పాలనుకున్నది 1970 నాటి మాట. నాకప్పుడు పన్నెండేళ్లు. కార్తీక మాసం. కొండ కింది చేనులో వేరుశనగ ఇంకో వారంలో పీకాలి. అప్పటికే రెండు రాత్రులు అడవి పందులు దిగి, ముట్టెలతో సాళ్లన్నీ తిరగేసి పోయాయి. మూడో రాత్రి నన్ను కూడా మంచె మీదికి రమ్మన్నాడు. వెన్నెల ఉంది గాని మబ్బు అడ్డం వస్తూ పోతూ ఉంది. అర్ధరాత్రి దాటాక చేను చివర నల్లగా ఏదో కదిలింది. మీ జేజినాయన చాలాసేపు గురి పెట్టి ఉండి మీట నొక్కాడు. ముందు చిటుక్కుమంది, రెప్పపాటు ఆగి అసలు మోత మోగింది. మంచె ముందంతా తెల్లటి పొగ, కుళ్లిన గుడ్డు వాసన. పొగ విడేసరికి చేను ఖాళీ. దూరంగా ఒక అరుపు మాత్రం వినిపించింది.

తగిలిందో లేదో ఆ పొగలో తెలియదు నాయనా. అన్నిటికంటే ముందు నువ్వు ఎరిగి ఉండాల్సింది అదే.

తెల్లవారాక ఇద్దరం వెతకడానికి బయలుదేరాం. ఎర్రమట్టిలో రక్తం కనిపించదు, ఎండితే మట్టి రంగే. బండల మీద మాత్రం దొరుకుతుంది. ఒక చుక్క దొరికిన చోట నన్ను నిలబెట్టి, మీ జేజినాయన ముందుకు వెళ్లి ఇంకో చుక్క వెతికేవాడు. అది దొరికితే నేను అక్కడికి వెళ్లి నిలబడాలి. అలా కలివి పొదల్లో, ముళ్లలో, లంకమల కొండల వైపు ఎండ నెత్తికెక్కేవరకు నడిచాం. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ఇంటికి పోదాం నాయనా అన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

అది వంకలో దొరికింది. నడుము విరిగి, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ అంత దూరం వచ్చింది. ముందు కాళ్ల మీద లేవబోయి మళ్లీ ఇసుకలో కూలబడి మా వైపే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు మీ జేజినాయన తుపాకీ నింపడం మొదలుపెట్టాడు. మందు కొలిచి పోశాడు. చేయి వణికి కొంత ఇసుకలో పడితే మళ్లీ కొలిచాడు. కొబ్బరి పీచు ఉండ చేసి తోశాడు. కడ్డీతో దట్టించాడు. గుండు వేశాడు. మళ్లీ పీచు, మళ్లీ కడ్డీ. కడ్డీ లోపల తగిలి టక్కుమన్నప్పుడల్లా ఆ పంది చెవి కదిపేది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నాకైతే ఆ కడ్డీ చప్పుడు ఇప్పటికీ పూర్తి కాలేదు.

పని ముగిశాక ఆయన చాలాసేపు బండ మీద కూర్చున్నాడు. "చీకట్లో అంచనాకు కొట్టాను. కొట్టకుండా ఉండాల్సింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఊళ్లో నలుగురినీ పిలుచుకొచ్చి మోయించి, మాంసం అందరికీ పంచాడు. నేను తిననంటే పక్కన కూర్చోబెట్టుకుని తినిపించాడు. అంత బాధపెట్టి తెచ్చినదాన్ని పారేస్తే అది ఇంకో తప్పు అన్నాడు.

తర్వాత రెండేళ్లకు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మీ జేజినాయన గుండు వేయడం అంతకుముందే మానేశాడు. ఉత్త మందు పేల్చి పందులను బెదరగొట్టేవాడు. 1986 జనవరిలో మన సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో కలివికోడి దొరికినప్పుడు అదీ మానేశాడు. ఆ కథ నీకు చిన్నప్పుడు చెప్పాను. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి తెలిపిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిపోయిందనుకున్నారు. దాన్ని పట్టుకున్నది రాత్రిపూట లైటు వెలుగులో పిట్టలు పట్టే మన ఊళ్ల మనిషే. రాత్రంతా నేల చూస్తూ తిరిగినవాడి కంటికే అది పడింది. కానీ పట్టిన పక్షి కొద్ది రోజులకే చనిపోయింది. అది విన్నాక మీ జేజినాయన ఆ పొదల వైపు తుపాకీ ఎత్తలేదు. 1988లో లంకమల అభయారణ్యమైంది. ఆయన పోయాక తుపాకీని నేనే తీసుకెళ్లి అప్పగించాను.

వెళ్లనా అని అడిగావు. వెళ్లు. కానీ జింక పక్కకు తిరిగి స్పష్టంగా నిలబడితేనే, యాభై అరవై గజాల లోపు ఉంటేనే మీట మీద వేలు పెట్టు. పొద్దు వాలుతుంటే, మధ్యలో కొమ్మ అడ్డం ఉంటే, లేదా నీ గుండె దడదడలాడుతుంటే తుపాకీ దించేయి. నీ దగ్గర ఉన్నది ఒకే గుండు. చెకుముకి తుపాకీలో నిప్పురవ్వ పడడానికి, గుండు బయలుదేరడానికి మధ్య ఒక రెప్పపాటు ఉంటుంది. ఆ రెప్పపాటులో తల ఎత్తావా, గుండు పక్కకు పోతుంది. కాల్చాక జింక ఎక్కడ నిలబడి ఉందో ఆ చెట్టునే గుర్తు పెట్టుకో, వెంటనే పరుగెత్తకు. అరగంట ఆగి నెమ్మదిగా వెంబడించు. తెల్లవార్లూ వెతకాల్సి వచ్చినా, మర్నాడు ఆఫీసు పోయినా, అది దొరికేదాకా నువ్వు ఇంటికి రాకూడదు. దానికి సిద్ధంగా లేకపోతే ఆ పెద్దాయన వెంట ఊరికే నడిచి రా, అదీ వేటే.

తుపాకీ పేలకపోతే గొట్టాన్ని దూరంగా పట్టుకుని కనీసం ఒక నిమిషం కదలకు, లోపల నిప్పు రాజుకుంటూ ఉండొచ్చు. కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి మందు పోయకు, కొలత గిన్నెతోనే పోసుకో. ముందటి పేలుడు నిప్పు ఒక్క రవ్వ మిగిలినా కొమ్ములోని మందంతా చేతిలోనే అంటుకుంటుంది. నింపానా లేదా అని సందేహం వస్తే కడ్డీ దించి చూడు, రెండోసారి నింపకు. ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందును దాంట్లో ఎప్పుడూ పోయకూడదు, గొట్టం పగిలిపోతుంది. సాయంత్రం ఎంత అలసిపోయినా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి నూనె పట్టించు. ఆ మసి చెమ్మ పీల్చుకుని రాత్రికి రాత్రే ఇనుమును తినేస్తుంది. ఇవన్నీ ఆ పెద్దాయన చెప్పే ఉంటాడు. నా నోటితో చెప్తేనే నాకు తృప్తి.

మంచులో చెవులకు ఉన్ని కట్టుకోమని, కాళ్లకు రెండు జతల మేజోళ్లు వేసుకోమని అమ్మ రాయమంది. జింక దొరికినా దొరకకపోయినా ఆ రాత్రే ఫోను చెయ్యి, ఇక్కడ ఎంత పొద్దయినా మేలుకునే ఉంటాను. మీ జేజినాయన మందు కొమ్ము అటక మీద ఉంది. నిన్న దించి తుడిచాను. మూత తీస్తే ఇంకా ఆ వాసనే. విమానంలో పంపడానికి వీల్లేదు. సంక్రాంతికి రాలేకపోయినా ఉగాదికి రా, నీ చేతికే ఇస్తాను.

ఇట్లు,
మీ నాన్న