కన్ను కెమెరా కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం వ్యాసం కంటిని కెమెరాతో పోల్చింది. తరగతిలో నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను గాని, ఆ పోలిక కంటి వెనుక కాంతిని పసిగట్టే పొర, అంటే రెటీనా దాకానే. అక్కడి సుమారు 10 కోట్ల కాంతిగ్రాహక కణాల సమాచారమంతా సుమారు 10 లక్షల గాంగ్లియన్ కణాల (రెటీనాలోని నాడీకణాల) తంతువుల గుండానే మెదడుకు చేరాలి. 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాలెక్, బెర్రీ బృందం సాలమాండర్ (బల్లిని పోలిన ఉభయచరం) రెటీనాకు ప్రకృతి దృశ్యాలు చూపి, 40 గాంగ్లియన్ కణాల స్పందనలను 20 మిల్లీసెకన్ల చొప్పున పరిశీలించింది. ఏ రెండు కణాలకూ మధ్య పొత్తు అంతంతమాత్రమే. అయినా, వేటికవే పనిచేస్తాయనుకుని వేసిన లెక్క కంటే పది కణాలు ఒక్కసారిగా స్పందించడం ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. కాబట్టి ‘ఒక్కో కణం ఒక్కో చుక్కను పంపుతుంది’ అన్న మీ వాక్యాన్ని సవరించగలరు.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి