బోర్డు ఒకటే, సరుకు వేరు

ఆంధ్రలో మంచి పేరున్న ఓ కిరాణా చైన్ విజయవాడలో ఒక రకం సరుకు, బెంగళూరులో ఇంకో రకం సరుకు అమ్ముతోంది. విజయవాడ దుకాణంలో బెండకాయ విరిస్తే ఫట్‌మంటుంది, బెంగళూరు మారతహళ్లి బ్రాంచీలో మెత్తగా వంగుతుంది. గోంగూర 600 కిలోమీటర్లకు పైగా లారీలో నలిగి, సగం ఆకు రాలిపోయి చేరుతుంది. పక్కనే కోలార్, హోస్కోటె తోటలున్నాయి మరి! గడువు వారంలో ముగిసే కారప్పొడి ప్యాకెట్లే అర నిండా ఉంటాయి. అడిగితే, ‘ఇది ఫ్రాంచైజీ సార్, పైనుంచి వచ్చిందే పెడతాం’ అంటారు. ఆ ముక్క బోర్డు మీద ఎక్కడా కనపడదు, రేటు మాత్రం పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఆన్‌లైన్‌లో డెలివరీ చేసే ఆహార సరుకులకు కనీసం 30 శాతం గడువు గానీ, 45 రోజులు గానీ మిగిలి ఉండాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో చెప్పింది. అదే షరతు దుకాణాల అరలకూ పెట్టాలి. నడిపేది కంపెనీయా, ఫ్రాంచైజీదారా అన్నది గుమ్మం దగ్గరే రాయించాలి. ఆకుకూరలు స్థానికంగా కొనే అధికారం బ్రాంచీకి ఇవ్వాలి, పాడైన ప్యాకెట్‌ను ఏ ఊళ్లో కొన్నా ఏ బ్రాంచీలోనైనా వెనక్కి తీసుకోవాలి.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు