రాబందు ఆడా, మగా?

ఒరే మామా,

"పక్షులకి కూడా లింగ నిర్ధారణా? జైల్లో వేస్తార్రోయ్" అని ఫోన్‌లో తెగ నవ్వావు. ఆ 1994 చట్టం, స్కానింగ్ సెంటర్లలో కనిపించే ఆ బోర్డులూ మనుషుల కోసం రా! మా ల్యాబ్‌లో ఈ పని దర్జాగా చేసుకోవచ్చు.

నెమలికైతే మాతో పనేముంది, పింఛం చూస్తే చాలు. చిక్కంతా రాబందుల దగ్గరే. ఆడదానికీ మగదానికీ అదే బోసి మెడ, అదే ఒడ్డూ పొడుగూ. పశువులకి వేసిన డైక్లోఫినాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసింది. 1992-2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని హర్యానాలోని పింజోర్ లాంటి కేంద్రాల్లో పెంచుతున్నారు. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే పక్షి అది. రెండు మగవాటిని జంట అనుకుని కలిపి ఉంచామనుకో, ఇక ఏళ్ల తరబడి గుడ్డు కోసం కాచుకు కూర్చోవడమే. అందుకే మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనశాల వాళ్లు పక్షిని గుచ్చకుండా డీఎన్‌ఏతో తేల్చే పద్ధతిని 2007లో ప్రచురించారు.

మనలో మగవాడికి ఎక్స్, వై క్రోమోజోములు ఉన్నట్టు, పక్షుల్లో ఆడదానికి జెడ్, డబ్ల్యూ ఉంటాయి. మగదానికి రెండూ జెడ్‌లే. అంటే పిల్ల ఆడా మగా అన్నది తల్లి వైపు నుంచే తేలుతుంది. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని ఆడిపోసుకునే అత్తలు పక్షులై పుట్టుంటే, వాళ్ల మాటలో కాస్త నిజమైనా ఉండేది!

సీహెచ్‌డీ1 అనే జన్యువు ఆ రెండు క్రోమోజోముల మీదా ఉంటుంది, కాకపోతే మధ్యలో ఒక ముక్క పొడవు తేడా. ఈక మొదట్లో అంటుకున్న కాస్త కణజాలం చాలు. రక్తమైతే ఒక్క చుక్క. పక్షుల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి అందులోనే బోలెడు డీఎన్‌ఏ. పీసీఆర్‌లో ఆ ముక్కకి కాపీలు తీసి, జెల్‌లో పోసి కరెంటు పెడతాం. పొడవు తేడాని బట్టి జెడ్ ముక్కా, డబ్ల్యూ ముక్కా వేరువేరు గీతలుగా విడిపోతాయి. యూవీ లైటు కింద రెండు గీతలు కనిపిస్తే ఆడది, ఒక్కటే ఉంటే మగది.

టెన్షనంతా ఆ ఒక్క గీతతోనే. పాత ఈకలో డీఎన్‌ఏ దెబ్బతిని డబ్ల్యూ ముక్క రాకపోతే, ఆడది కాస్తా మగదైపోతుంది. అందుకే ఆడా మగా ముందే తెలిసిన శాంపిళ్లు పక్కనే నడుపుతాం. అనుమానమొస్తే మళ్లీ మొదటికే. రెండు గీతలొచ్చిన రోజు మాత్రం నిశ్చింతగా టీకి వెళ్లొచ్చు.

అన్నట్టు, ఈ కిటుకు మీ బావ పెంచిన ఈముల దగ్గర పారదు. వాటిలో జెడ్, డబ్ల్యూ చాలావరకు ఒకేలా ఉంటాయి, వేరే గుర్తులు వెతకాలి. అప్పట్లో ఆయనకి జంటలని అంటగట్టినవి నిజంగా జంటలేనా అని ఓసారి అడిగి చూడు. తిడితే మాత్రం నా పేరు చెప్పకు.

నీ
శీను