వారంటీ ముగిస్తే హక్కూ ముగిసినట్టేనా?

సంపాదకునికి,

మా వాషింగ్ మెషీన్ వారంటీ ముగిసిన మూడో నెలలోనే గరగరమని మొరాయించింది. మెకానిక్ వెనక రేకు విప్పి, టబ్బు మీద కారిన తుప్పు చార చూపించాడు. సీలు పోయి నీళ్లు బేరింగ్‌లోకి దిగాయట. బేరింగ్ అరచేతిలో ఇమిడిపోయేంత వస్తువు. కానీ టబ్బును విప్పడానికి వీల్లేకుండా అతికించేశారు కాబట్టి మొత్తం సెట్టే మార్చాలన్నాడు. ఆ ఖర్చు కొత్త మెషీన్ ధరలో సగం పైనే! కంపెనీకి ఫోన్ చేస్తే "వారంటీ అయిపోయిందండీ" అన్న ఒక్క మాటతో సరిపెట్టారు.

వారంటీ కంపెనీ ఇచ్చే హామీ. చట్టం ఇచ్చే హక్కు వేరు. ఈ తేడా అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లకు తెలియదు. ఉదాహరణకు, వస్తువు తగినంత కాలం మన్నాలని బ్రిటన్ 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం చెబుతోంది. ఇంగ్లండ్‌లో 6 ఏళ్ల దాకా దావా వేయొచ్చు. కాకపోతే 6 నెలలు దాటాక, లోపం మొదటినుంచీ ఉందని కొన్నవాళ్లే రుజువు చేసుకోవాలి. అందుకే బిల్లు, మెకానిక్ రాసిచ్చిన కాగితం, పాడైన భాగం ఫొటోలు భద్రంగా దాచుకోవాలి. పాత భాగాన్ని తీసుకెళ్లిపోనివ్వకండి.

యూరోపియన్ యూనియన్ 2021 నుంచి వాషింగ్ మెషీన్ల ముఖ్యమైన విడిభాగాలను కనీసం 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలంటోంది. ఏ భాగాన్ని విడిగా మార్చుకోవచ్చో, అది ఎన్నేళ్లు దొరుకుతుందో పెట్టె మీదే ముద్రించేలా అన్ని ప్రభుత్వాలూ నిబంధన తేవాలి.

- ఒక వినియోగదారు