అరవై ఏళ్ళ కారుకు ఇన్సూరెన్సు

నోవై, మిషిగన్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు, సంతోషం.

మొన్న ఫోనులో "ఆ ముసలి కారుకి ఇన్సూరెన్సు ఎవరిస్తారమ్మా, పిచ్చి కాకపోతే" అన్నారు కదా. ఇస్తారు నాన్నగారూ. పైగా మేము రోజూ తిప్పే కారు కన్నా తక్కువ ప్రీమియానికే ఇచ్చారు. కాకపోతే పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు అడిగినన్ని ప్రశ్నలు అడిగారు. అందులో సగం కారు గురించి కాదు, మా గురించే.

మీ అల్లుడుగారు కొన్నది 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్. అలాంటి కారును మామూలు పాలసీలో చేర్చితే, పాతబడిందని విలువ తగ్గించి లెక్కగడతారు. రేపు ఏ లారీయో గుద్దితే చేతికొచ్చే డబ్బు బంపరుకు కూడా చాలదు. పాత కార్ల పాలసీలో అలా కాదు. కారు విలువ ఇంత అని కంపెనీ, మనం ముందే ఒప్పుకొని కాగితం మీద రాసుకుంటాం. కారు పూర్తిగా పోతే ఆ మొత్తం ఇస్తారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. మనం చెప్పిన విలువనే రాసుకుని, తీరా నష్టం జరిగాక ఆ విలువ, మార్కెట్ ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇచ్చే పాలసీలూ ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీ అల్లుడుగారు ప్రీమియం చూస్తారు, నేను చిన్న అక్షరాలు చదువుతాను. మా కాపురం అలా సాగుతోంది.

ఇంత చవకగా ఎలా ఇస్తారంటే, బండి బయటికి రావడమే అరుదు కాబట్టి. షరతులన్నీ అది నిజంగా అరుదేనని నమ్మకం కుదుర్చుకోవడానికే. ఇంట్లో లైసెన్సు ఉన్న ప్రతి మనిషికీ రోజువారీ వాడకానికి వేరే కారు ఉందా అన్నది మొదటి ప్రశ్న. మా ఇద్దరికీ ఉన్నాయి. కానీ మీ మనవడికి పదిహేడేళ్ళు వచ్చాయి, లైసెన్సు తీసుకున్నాడు, కారు లేదు. దరఖాస్తు అక్కడే ఆగింది. తనకు సొంత కారు లేని కుర్రవాడు శుక్రవారం రాత్రి ఏ తాళాలు తీస్తాడో వాళ్ళకు బాగా తెలుసు! పైగా ఇలాంటి కంపెనీలు చాలావరకు ఏళ్ళ తరబడి నడిపిన అనుభవం కూడా అడుగుతాయి. చివరికి ఈ కారు వాడు నడపడని రాసి సంతకాలు పెట్టాం. వాడు అలిగాడు. మీరు ఫోను చేసినప్పుడు ఆ మాట ఎత్తకండి.

తరువాత గ్యారేజీ. నాలుగు గోడలు, తలుపు, తాళం ఉండాలి. ఇంటి ముందు ఆపుకుంటామంటే కుదరదన్నారు. మా గ్యారేజీలో సగం పాత సూట్‌కేసులు, మీరు వచ్చినప్పుడు వదిలి వెళ్ళిన అట్టపెట్టెలే. అవన్నీ ఖాళీ చేశాక గాని కారు పట్టలేదు. తరువాత ముందు, వెనుక, లోపల ఫొటోలు తీసి పంపాం. ఎన్ని మైళ్ళు తిరిగిందో మీటరు ఫొటో కూడా అడిగారు. ఆ కాలపు మీటరులో మైళ్ళకు అయిదు అంకెలే. లక్ష దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. కనుక ఆ ఫొటో వల్ల వాళ్ళకు తెలిసిందేమిటో నాకు అర్థం కాలేదు.

గత కొన్నేళ్ళలో వేగం మీరి కట్టిన జరిమానాల చిట్టా కూడా చూస్తారు. ఆ విషయంలో మీ అల్లుడుగారు అంచున బయటపడ్డారు.

ఆఫీసుకు, కూరగాయలకు వెళ్ళకూడదు. పందేలు అసలే వద్దు. ప్రదర్శనలు, ఊరేగింపులు, ఎప్పుడైనా సరదాగా ఒక చుట్టు, అంతే. కొన్ని కంపెనీలు ఏడాదికి ఇన్ని మైళ్ళని హద్దు కూడా పెడతాయి. గుడికి వాహనపూజకు తీసుకెళ్ళవచ్చా అని నేనే అడిగాను. చక్రాల కింద నిమ్మకాయలు ఎందుకో ఫోనులో ఇన్సూరెన్సు కంపెనీ ఆవిడకు వివరించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. వెళ్ళవచ్చన్నది.

ఏటా ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూలో పాత కార్లన్నీ బారులు తీరతాయి. 1995 నుంచి జరుగుతున్న వేడుక అది. మాదీ ఈసారి అందులో ఉంటుంది. చలికాలం మాత్రం గడప దాటదు. ఇక్కడ మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే ఉప్పు గని ఉంది, ఇక కొరతేముంది! ఆ ఉప్పు పాత ఇనుమును తినేస్తుంది.

ఇక మీరు అడిగిన అసలు సంగతి, తాతయ్య అంబాసిడర్‌ను వింటేజ్ కారుగా నమోదు చేయించవచ్చా అన్నది. 1973 రిజిస్ట్రేషను కాబట్టి వయసు సరిపోతుంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, ఆపైన పొడిగించుకోవడానికి 5,000. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను పుట్టినప్పటిలాగే ఉండాలి. మీరు పెట్రోలు ఖర్చు భరించలేక అందులో మెటాడోర్ డీజిల్ ఇంజను వేయించారు కదా? అదీ కాక, అలా నమోదైతే రోజువారీ పనులకు వాడకూడదు. మీరేమో దానిలో రోజూ రైతుబజారుకు వెళ్తారు. నన్ను అడిగితే వీఏ ఆలోచన మానేయండి. ఇప్పుడున్న రిజిస్ట్రేషను గడువు మాత్రం చూసుకోండి. ఇక ఇన్సూరెన్సు అంటారా, అయిదేళ్ళు దాటిన కారుకు విలువ ఎంతన్నది మన దగ్గరా కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవలసిందే. కనుక ఈసారి ఏజెంటు రాసిన అంకెకు తల ఊపకుండా, కారు ఫొటోలు చూపించి బేరం ఆడండి. థర్డ్ పార్టీ ఒక్కటే చాలనుకుంటే అదీ మీ ఇష్టమే, కానీ దానివల్ల మన కారుకు తగిలిన దెబ్బకు పైసా రాదు.

ఆర్‌సీ ఫొటో తమ్ముడిచేత పంపించండి, గడువు నేనూ చూస్తాను. అమ్మను మందులు మానవద్దని చెప్పండి.

మీ పెద్దమ్మాయి