అమ్మలూ, మొదట వెనక్కి వచ్చే కోడ్ రాయి

చిరంజీవి అమ్మలుకు,

నువ్వు పంపిన డిజైన్ నింపాదిగా చదివాను. ప్రోలాగ్ (వాస్తవాలూ నియమాలూ రాసి ప్రశ్నలడిగే ప్రోగ్రామింగ్ భాష) లాంటి చిన్న భాషకి సొంతంగా వర్చువల్ మెషిన్, అంటే ఆ భాషను నడిపే సాఫ్ట్‌వేర్ యంత్రం, కడుతున్నావంటే ఎంత సంతోషంగా ఉందో! కానీ ఇన్‌స్ట్రక్షన్ల పట్టిక అంత పొడుగ్గా రాసి, ఒక దారి ఫెయిలైతే ఇంకో దారి వెతకడానికి వెనక్కి ఎలా రావాలన్నది మాత్రం ఒక్క పేరాతో సరిపెట్టావు. నా టెన్షన్ అంతా దాని గురించే.

పట్టిక అంత అక్కర్లేదమ్మా. ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ అనే సిస్టమ్‌కి ఆధారమైన జిప్ అనే మెషిన్‌లో ఉన్నవి ఏడే ఇన్‌స్ట్రక్షన్లు. 1983లో డేవిడ్ వారెన్ ఇచ్చిన వామ్ (వారెన్ అబ్‌స్ట్రాక్ట్ మెషిన్) డిజైన్ ఆర్గ్యుమెంట్లను, అంటే పిలుపుతో పంపే విలువలను, రిజిస్టర్లనే ప్రత్యేక గదుల్లో పెడుతుంది. అది వేగమే, కానీ కంపైలర్‌కి పని పెరుగుతుంది. నువ్వు జిప్ పద్ధతిలో వాటిని పిలవబోయేదాని ఫ్రేమ్‌లోనే (ఒక పిలుపుకి కావలసిన విలువలు దాచే మెమరీ భాగం) నేరుగా పెట్టెయ్.

ఇక అసలు సంగతి. ఇది చూడు:

తండ్రి(దశరథుడు, భరతుడు).
తండ్రి(దశరథుడు, రాముడు).
తండ్రి(రాముడు, లవుడు).
తండ్రి(రాముడు, కుశుడు).
తాత(క, గ) :- తండ్రి(క, ఖ), తండ్రి(ఖ, గ).

ఇక్కడ క, ఖ, గ వేరియబుల్స్; :- అంటే కుడివైపువి నిజమైతే ఎడమవైపుది నిజం అని. దశరథుడు ఎవరికి తాత అని అడిగావనుకో. తండ్రికి వాక్యాలు నాలుగున్నాయి కాబట్టి మెషిన్ ఒక చాయిస్ పాయింట్, అంటే తిరిగొచ్చి మిగతా వాక్యాలు ప్రయత్నించడానికి ఒక గుర్తు, పెట్టుకుంటుంది. మొదటి వాక్యంతో ఖ విలువ భరతుడు అవుతుంది. భరతుడి కొడుకుల గురించి మనం రాయలేదు కదా, రెండో పిలుపు తండ్రి(భరతుడు, గ) ఫెయిల్. ఇప్పుడు ఖ మళ్లీ ఖాళీ అవ్వాలి. అది తాత ఫ్రేమ్‌లో ఉంది, చాయిస్ పాయింట్ కంటే ముందే పుట్టింది. అందుకే విలువ ఇచ్చినప్పుడే దాని అడ్రసు ట్రెయిల్ అనే జాబితాలో రాసిపెట్టాలి. ఆ చాయిస్ పాయింట్ పెట్టేటప్పటికి ట్రెయిల్ ఎంతవరకు ఉందో అందులోనే దాచుకో. ఫెయిలైతే అక్కడిదాకా ఒక్కొక్క అడ్రసూ తీస్తూ వేరియబుల్స్‌ని ఖాళీ చేసుకుంటూ రా. చాయిస్ పాయింట్ తర్వాత పుట్టినవాటికి ఇది అనవసరం, వాటి మెమరీయే పోతుంది. అయినా మొదట్లో ఆ తేడా పట్టించుకోకు, అన్నీ రాసెయ్. కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అంతే.

ఇంకొకటి చాలా జాగ్రత్తగా చూసుకో. పని అయిపోగానే ఫ్రేమ్ తీసేస్తానని రాశావు. తర్వాత ఖ రాముడై, లవుడు జవాబుగా వచ్చేసరికి తాత పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ రెండో పిలుపు పెట్టిన చాయిస్ పాయింట్ ఇంకా బతికే ఉంది, కుశుడి కోసం దానికి ఆ ఫ్రేమే కావాలి. దాని మీద ఇంకో ఫ్రేమ్ రాసేశావో, రెండో జవాబు చెత్తగా వస్తుంది. ఇలాంటి బగ్ చిన్న టెస్టుల్లో బయటపడదు కూడా. ఫ్రేములూ చాయిస్ పాయింట్లూ ఒకే స్టాక్‌లో (ఒకదానిపై ఒకటి పేర్చే మెమరీ) ఉంచి, ఇప్పటి ఫ్రేమ్, చివరి చాయిస్ పాయింట్ రెండింట్లో ఏది పైనుంటే దాని పైనే కొత్త ఫ్రేమ్ వెయ్యి.

లవుడు వచ్చాక ఇంకో జవాబు కావాలని సెమికోలన్ కొడితే కుశుడు రావాలి, మళ్లీ కొడితే ఇంకెవరూ లేరని చెప్పాలి. అంతవరకు నడిచాక కోడ్ పంపు. మిగిలిన చాయిస్ పాయింట్లను వదిలేయమనే కట్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నాన్న