గుండ్రాయి ఏ గుట్టూ విప్పదు

సంపాదకులకు,

గత ఆదివారం మీరు వేసిన ఖండాల కదలిక వ్యాసానికి ఎవరైనా సవరణ రాస్తారని నాలుగు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు. క్రికెట్ స్కోరులో ఒక పరుగు తప్పు పడితే మర్నాడే విచారం వెలిబుచ్చుతారు. ఇక్కడ ఖండమే తప్పిపోతే అడిగే దిక్కు లేదు.

ముందు ఆ ఫొటో. శాస్త్రవేత్త చేతిలో నున్నని గుండ్రాయి, కింద 'ఖండం గుట్టు విప్పిన రాయి' అని వ్యాఖ్య. ఎక్కడెక్కడో దొర్లి వచ్చిన రాయికి తన ఉత్తరం ఎటో ఏం గుర్తుంటుంది? రాళ్లలో నిలిచిపోయిన పాత అయస్కాంత దిశను బట్టి ఖండం ఒకప్పుడు ఎక్కడుందో కనిపెట్టేవాళ్లు కదలని బండలోనే అంగుళం మందాన గుండ్రంగా తొలుస్తారు. ఆ ముక్కను విరిచి పైకి తీయకముందే ఇత్తడి తీగతో దాని మీద గీత గీసి, ఎటు తిరిగి ఉందో, ఎంత వాలిందో రాసుకుంటారు. ఆ బండే దిక్సూచిని పక్కదారి పట్టిస్తుందన్న అనుమానం ఉంటే సూర్యుడి నీడతో దిక్కు కడతారు. ఆ గీత లేని రాయి, పేరు రాయని జవాబుపత్రం ఒకటే.

పైగా ఆ రాయితో ఖండం ఒకప్పటి అక్షాంశ రేఖాంశాలు రెండూ 'కచ్చితంగా' తెలుస్తాయట! లావా చల్లారి సుమారు 580 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగాక అందులోని మాగ్నటైట్ అనే అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం రేణువులు అప్పటి భూ అయస్కాంత క్షేత్రం దిశను పట్టి ఉంచుకుంటాయి. ఆ దిశ భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా, ధ్రువాల దగ్గర నిలువుగా ఉంటుంది గనుక వాలును బట్టి అక్షాంశం చెప్పవచ్చు. రేఖాంశం చెప్పలేం. అదీ ఒక్క రాయితో కాదు. క్షేత్రం నిలకడగా ఉండదు కాబట్టి ఎన్నో లావా పొరల సగటు తీయాలి. 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావాలు భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు 30 డిగ్రీల దగ్గర గడ్డకట్టాయని తేలింది అలాగే.

మిమ్మల్ని మాత్రమే అని ఏం లాభం? 1950లలో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త బ్లాకెట్ బృందం ఈ దక్కన్ రాళ్లనే కొలిచి, మనం కూర్చున్న నేల ఉత్తరానికి నడిచి వచ్చిందని చూపింది. నేను చూసిన పాఠ్యపుస్తకాల్లో ఆ ముక్కే లేదు. ఆఫ్రికా అంచు, దక్షిణ అమెరికా అంచు అతికే బొమ్మతో పాఠం సరి! ఇక అధికారులు సరేసరి. ఇలా తొలిచి తెచ్చిన రాతి నమూనాల మీది చీటీలు ఊడిపోతే మళ్లీ అంటించే ఓపిక ఉండదు గానీ, వాటిని చెత్త కింద పారేయమని సంతకం పెట్టే తీరిక మాత్రం ఉంటుంది.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే, దయచేసి ఆ గుండ్రాయి ఫొటో మళ్లీ వేయకండి.

— విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు